దొరకు కుట్టిన పట్టు చొక్కా

మా దొరకు ఆపరేషన్ చేయించాలని నేను తీర్మానం చేసుకున్న రోజు చంద్రగిరిలో ఒక్కరంటే ఒక్కరు నన్ను నమ్మలేదు.

దొర అంటే ఎవరో పెద్దమనిషి అనుకునేరు. కుక్కపిల్ల. పొమేరియన్ జాతిది. తెల్లగా, బొచ్చుబొచ్చుగా, రొంత పెద్ద టెంకాయంత ఉంటాడు. మా అల్లుడు బాలచంద్ర మద్రాసు నుంచి సంచిలో పెట్టి తెచ్చి, మా ఆవిడ శకుంతల ఒళ్ళో దించిపోయినాడు. ఆ పూట నుంచి ఇంట్లో ఫ్యాను కింద చోటు నాది కాకుండా పోయింది. అంత చిన్న ప్రాణి అంత ఇల్లు ఏలుతుంటే దొర అనక ఏమనాలి?

నన్ను నమ్మకపోవడంలో ఊరి తప్పు ఏమీ లేదు. నేను చదివింది బంగారుపాళ్యం పక్కన మా పల్లెలో, ఒకే గది ఉండే బడిలో, ఐదో తరగతి దాకా. మధ్యాహ్నం అయివారు గోడకు ఆనుకుని కునుకు తీస్తే, పిల్లోళ్ళు అల్లరి చేయకుండా కూర్చోబెట్టే పని నాకు అప్పజెప్పేవాడు. కొట్టి కూర్చోబెట్టే బలం నాకు లేదు. అందుకని కథ చెప్పి కూర్చోబెట్టేవాణ్ణి. ఆ అలవాటు అప్పుడు పట్టుకున్నది ఇప్పటికీ వదల్లేదు. మా తోటలో కాసిన మామిడికాయ ఒకదాన్ని బండికెత్తితే ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడినాయని, దాని గుజ్జు పిండుతుంటే ఫ్యాక్టరీ తొట్లు నిండి హైవే మీదకు పారిందని, బెంగుళూరు బస్సు ఆ గుజ్జుకు అతుక్కుని నిలిచిపోతే లోపల ఉండేవాళ్ళు కిటికీల్లోంచి చేతులు చాపి రోడ్డు నాకినంత పని చేసినారని నేను చెప్పే కథ ఢిల్లీబాబు టీ అంగట్లో విననివాళ్ళు లేరు.

దొర వచ్చినాక వాడి మీద కూడా ఒకటి కట్టినాను. శేషాచలం కొండల్లోంచి ఒక చిరుత దిగి కోట గోడ దాకా వచ్చిందని, దొర ఒకే ఒక్క అరుపు అరిచినాడని, ఆ చిరుత వచ్చిన దారినే కొండెక్కి ఇంతవరకు దిగలేదని. కావాలంటే కొండ మీదికి పోయి అడగండి అనేవాణ్ణి. నిజం ఏమంటే, గోడ మీద బల్లి కనబడితే దొర శకుంతల కొంగులో దూరుతాడు.

ఇక ఆకువక్క సంగతి చెప్పాలి. అసలు చిక్కంతా దాంతోనే.

చంద్రకాంతమ్మ శకుంతలకు చిన్నాయన కూతురు. నాకు మరదలి వరుస. ఇంట్లో చంద్ర అంటాము. మా ఇంటికి ఎదురు వరుసలోనే ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని రవికలు కుడుతుంది. నా కోతలకు కోత వేయగలిగిన మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే. ఆమెకు మల్లి అని ఒక ఆడ పొమేరియన్ ఉంది. మల్లి ఇంతవరకు ఈనలేదు. మల్లి కడుపున ఒక్క కాన్పు చూడాలని, ఒక పిల్లను తన దగ్గర ఉంచుకోవాలని చంద్రకాంతమ్మకు ఆశ.

దొరకు ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. ఒక శుక్రవారం సాయంత్రం నేను ఊరికే ఉండలేక, నీ కూతుర్ని మా వాడికి ఇస్తావా అని అడిగినాను. మీ వాడు ఏం చదివినాడు అని అడిగింది. చిరుతల్ని తరిమే చదువు అన్నాను. అయితే కుదిరినట్టే అనింది. మాట మీద మాట పెరిగి, పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, పసుపుకొమ్ము పెట్టి నేను ఆమెకు ఇచ్చినాను, ఆమె నాకు ఇచ్చింది. ఢిల్లీబాబు అంగడి మూసి వచ్చి, బజ్జీలు చుట్టే పేపరు ఒకటి పట్టుకుని లగ్నపత్రిక చదివినట్టు చదివినాడు. శకుంతల కేసరి చేసి పంచింది. నవ్వి నవ్వి అందరికీ డొక్కలు నొచ్చినాయి.

మా పక్క పెళ్ళి మాటలు ఎన్నైనా అనుకోవచ్చు, అనుకున్నవి గాలికి పోవచ్చు. ఆకువక్క చేతులు మారితే మాత్రం మాట పడినట్టే. నేను ఆటకు మార్చినాను. చంద్రకాంతమ్మ మొదట ఆటకే తీసుకుందేమో, తరువాత తరువాత ఆమె లోపల అది ఆట కాకుండా పోయింది. ఎవరో రవికకు ఇచ్చిన ఎర్రపట్టులో ముక్క మిగిలితే, వాళ్ళను అడిగి ఉంచుకుని, జరీ అంచు గుండెల మీదకు వచ్చేటట్టు దొరకు చొక్కా కుట్టింది. పెరిగే పిల్లోడని లోపల మడత వదిలింది. లోపలివైపు ఒంటికి గుచ్చుకోకుండా పాత నూలు చీర ముక్క వేసింది. కుట్టి మిషను పక్కన మేకుకు తగిలించింది. పెళ్ళి రోజే తొడగాలంట. మల్లి మళ్ళీ ఎదకొచ్చేసరికి దొర ఈడుకొస్తాడని ఆమె లెక్క.

ఈ లోపల సూది వేయించడానికి నేనే దొరను తిరుపతికి తీసుకుపోతా వచ్చినాను. అక్కడ పశువుల డాక్టరమ్మ జెస్సీ అని ఒకామె చిన్న క్లినిక్కు పెట్టుకుని ఉంది. మా మనవరాలి ఈడు ఉంటుంది. సూది వేసి, చెవులు చూసి, పళ్ళు చూసి, వెనక కాళ్ళ మధ్య వేలు పెట్టి తడిమి ఆగింది. తాతా, ఒకటే దిగింది అనింది.

విత్తుల సంగతి. మా పల్లెలో వాటిని అట్లనే అంటాము. సరిగా చూడమ్మా, మా ఇంట్లో అన్నీ జతలుగానే ఉంటాయి అన్నాను. ఆమె నవ్వి, రెండోది కడుపులోనే నిలిచిపోయి ఉంటుంది, చిన్న జాతి కుక్కల్లో ఇట్ల జాస్తిగా చూస్తాము, కొన్నాళ్ళు ఆగుదాం, దిగుతుందేమో అనింది. ఆగినాము. దిగలేదు. పోయిన ప్రతిసారీ ఆమె తడమడం, నేను ఆమె మొహం చూడడం, ఆమె తల అడ్డంగా ఊపడం. కడకు ఒక రోజు కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పింది. ఇంక దిగదు. ఉండాల్సిన తావు చల్లటిది. కడుపులో వేడి. ఆ వేడిలో ఏళ్ళ తరబడి ఉంటే అది గడ్డగా మారే భయం ఉంది. కోసి తీసేయాలి. రెండూ తీసేయడమే మంచిది.

రెండోది ఎందుకమ్మా అన్నాను. లోపలిది తీసి బయటిది వదిలేయి, నేను ఒకరికి మాటిచ్చినాను అని మొత్తం చెప్పినాను, పళ్ళెంతో సహా. ఆమె నవ్వలేదు. "తాతా, ఈ లోపం తండ్రి నుంచి పిల్లలకు దిగుతుంది. మీరు మాటిచ్చిన ఆమె చేతిలో ఈ జబ్బు కూడా పెట్టి వస్తారా?" అని అడిగింది.

నేను పశువుల మధ్య పెరిగినవాణ్ణి. కోడెకు విత్తులు కొట్టిస్తేనే ఎద్దయి కాడి కింద నిలబడుతుందని తెలుసు. తెలిసినా, ఆ పని చేయించే రోజు మా నాయన ఇంటి దగ్గర ఉండేవాడు కాదు. తోటలోకి పోయి, ఉన్న కలుపునే మళ్ళీ తీస్తా కూర్చునేవాడు. నేను ఆ నాయనకు పుట్టినవాణ్ణే కదా. ఆ పొద్దు డాక్టరమ్మకు సరేనని చెప్పకుండా లేచి వచ్చేసినాను. షేర్ ఆటోలో దొర నా మణికట్టు మీద గడ్డం ఆనించి నిద్రపోయినాడు. టెంకాయంత మనిషికి కూడా గురక వస్తుంది. తొండవాడ దాటే లోపల నేను తేల్చుకున్నాను. వాడు ముసలోడయ్యేనాటికి కడుపులో గడ్డ పెట్టుకుని మూలుగుతుంటే, నేను ఎంత మంచి కథ చెప్పినా వాడికి నొప్పి తగ్గదు. కోయించాల్సిందే. రెండూ.

ఇంటికి పోయి శకుంతలకు చెప్పినాను. ఆమె బియ్యం ఏరుతా ఉంది. చాట ఆపకుండానే, ముహూర్తం ఎప్పుడని చంద్ర అడుగుతుందని ఈ కథ కట్టినావా అనింది. కాదే, నిజం అన్నాను. నీ నిజాలు నాకు తెలియవా, రోడ్డు మీద మామిడి గుజ్జు పారించినోడివి అనింది. డాక్టరమ్మ చెప్పిన మాటలు ఒకటొకటిగా చెప్పినాను. అప్పుడు చాట ఆగింది. నమ్మి కాదు. భయపడి. ఇంతటి ప్రాణికి మత్తు సూది వేస్తే మళ్ళీ లేస్తాడా అనింది. అని, ఆ మాట నోట్లోంచి వచ్చినందుకు తనే తల్లడిల్లి, దొరను ఎత్తుకుని లోపలికి పోయింది. లోపలి నుంచి, చంద్ర ఒప్పుకుంటే చూద్దాంలే అనింది. చంద్ర ఒప్పుకోదని ఆమె ధైర్యం.

టీ అంగట్లో చెప్పి చూసినాను. ఊరు నమ్మితే చంద్ర నమ్ముతుందని నా ఎత్తు. మా దొరకు ఒక విత్తు కడుపులోనే ఉండిపోయింది, ఆపరేషన్ చేయించాలి అని, చేతులు ఊపకుండా, గొంతు పెంచకుండా, ఎట్లుండేది అట్లే చెప్పినాను. అంతా ఒక్క నిమిషం నా మొహం చూసినారు. ఢిల్లీబాబు టీ వడకట్టే గుడ్డ పక్కన పెట్టి, "చిరుతను సూసి దాక్కునిందేమో అన్నా" అన్నాడు. అంతే. బెంచీలు కదిలిపోయేటట్టు నవ్వినారు. నేను ఒట్టు పెడితే ఇంకా నవ్వినారు. డాక్టరమ్మ పేరు చెప్పినాను. ఆమెను కూడా కథలో మనిషి అనుకున్నారు. పేరు బాగా పెట్టినావన్నా అని మెచ్చుకున్నారు కూడా.

నా బతుకులో అంత మంది నవ్వుతుండగా నాకు నవ్వు రానిది అదే మొదలు.

లేచి నేరుగా చంద్రకాంతమ్మ దగ్గరికే పోయినాను. ఆమె ఎవరిదో రవికకు చేతులు అతికిస్తా ఉంది. మేకుకు ఎర్రచొక్కా తగిలించి ఉంది. కింద మల్లి గుడ్డపేలికల మీద పడుకుని ఉంది. నేను చెప్పినంతసేపూ మిషను ఆపలేదు. అయిపోయినాక దారం కొరికి, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"మా మల్లి కుంటిదా, గుడ్డిదా? ఇష్టం లేకుంటే లేదని చెప్పు బావా. నా ఇంటికొచ్చి నాతోనే కతలు చెప్పొద్దు."

ఆమె నన్ను తిట్టినా బాధ లేకపోయేది. మా ఇద్దరి మధ్య తిట్లు రోజూ ఉండేవే. ఆ గొంతులో ఆట లేదు. మల్లిని ఎవరో కాదన్నట్టు, ఆ కాదన్నది కూడా నేనే అయినట్టు ఉంది. బయటికి వచ్చి ఎండలో నిలబడితే అప్పుడు అర్థమయింది నాకు. నోరు తెరిచి ఎంత చెప్పినా, ఆ నోరు నాది కాబట్టి అది కథే అవుతుంది. నోటితో అయ్యే పని కాదు ఇది.

మరుసటి రోజు పొద్దున్నే తలకు పోసుకున్నాను. పెళ్ళిళ్ళకు కట్టే తెల్లపంచె తీసి కట్టినాను. పెరటిలో కూర్చుని తమలపాకులు కడగడం మొదలుపెట్టినాను. శకుంతల కాఫీ తెచ్చి, ఏం చేస్తా ఉండావు అనింది.

"తిరిగిచ్చేస్తా ఉండాను" అన్నాను.

ఆమె కాఫీ గ్లాసు నేల మీద పెట్టేసింది.

మా పక్క పెళ్ళి ఆట ఎవరైనా ఆడతారు. పిల్లోళ్ళు బొమ్మలకు చేస్తారు, పెద్దోళ్ళు కుక్కలకు చేస్తారు. ఆకువక్క తిరిగిచ్చే ఆట మాత్రం ఎవరూ ఆడరు. నేను ఒకే ఒకసారి చూసినాను అది, చిన్నప్పుడు. మా చిన్నాయనకు మూర్ఛ వస్తుందని సంబంధం కుదిరినాక బయటపడితే, దాచిపెడదామని ఇంట్లో అందరూ అంటుండగా మా నాయన పళ్ళెం చేత పట్టుకుని ఆ పిల్ల ఇంటికి నడిచిపోయి, వాకిట్లో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇచ్చేసి వచ్చినాడు. తిట్లు పడతాయని వెనకాలే పోయినోణ్ణి నేను. ఆ ఇంట్లోవాళ్ళు మజ్జిగ ఇచ్చి పంపినారు.

పళ్ళెం పట్టుకుని వీధి దాటినాను. ఢిల్లీబాబు చూసి, కొత్త ఆట మొదలైందనుకుని టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని వెనకాలే వచ్చినాడు. ఇంకా కొందరు వచ్చినారు. చంద్రకాంతమ్మ మిషను తొక్కుతా తొక్కుతా నన్ను చూసింది, పంచె చూసింది, పళ్ళెం చూసింది. కాలు ఆగింది.

"ఏం బావా ఇది?"

"నువ్వు ఇచ్చిన ఆకువక్క. మా వాడిలో లోపం ఉండాది. తెలిసి తెలిసి నీ బిడ్డకు చేసుకోలేను. తిరిగి తీసుకో."

ఇంకో మాట చేర్చలేదు నేను. చేర్చాలని నాలుక దురద పెట్టింది. పళ్ళ మధ్య పట్టుకున్నాను.

వెనక ఢిల్లీబాబు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి మింగేసినాడు. కడకు ఆమె లేచి వచ్చింది.

"నోటితో నువ్వు ఎన్నైనా చెప్తావు బావా. దీంతో కతలు చెప్పవు" అనింది. తరువాత వీధి అవతలికి చూసి, "అక్కా, దొరను తీసుకురా" అని పిలిచింది.

చంద్రకాంతమ్మ వాళ్ళ నాయన శ్రీకాళహస్తి దగ్గర గొర్రెల మంద పెట్టుకున్నోడు. మందలో ఏ పొట్టేలును ఉంచాలో ఏది వద్దో చేత్తో తడిమి చెప్పే ఇంట్లో పెరిగిన మనిషి ఆమె. శకుంతల దొరను తెచ్చి ఇచ్చింది. ఆమె వాణ్ణి ఒళ్ళో వెల్లకిలా పండబెట్టుకుని, ఒక చేత్తో పొట్ట నిమురుతా, ఇంకో చేత్తో వెతికింది. వాడు ఏదో తనకు జరుగుతున్న సేవ అనుకుని ఆమె గాజులు నాకుతా ఉన్నాడు. వేళ్ళు ఒకచోట ఆగినాయి. మళ్ళీ మొదటి నుంచి వెతికినాయి. మళ్ళీ ఆగినాయి.

"ఒకటే ఉండాది" అనింది.

ఢిల్లీబాబు చేతిలో టీ మీద మీగడ కట్టింది.

ఆమె దొరను శకుంతలకు ఇచ్చి, నా చేతిలోంచి పళ్ళెం తీసుకుని కళ్ళకు అద్దుకుని లోపల పెట్టి వచ్చింది. పొట్టేలైతే మా నాయన మందలో నిలబెట్టేవాడు కాదు అనింది. నేను కూడా మా మల్లికి చేయను, ఈ సంబంధం నేనే వొద్దంటా ఉండాను బావా అనింది.

చూడండి, నేను పోయింది వద్దని చెప్పడానికే. పంచె కట్టుకుని, ఆకులు కడిగి, అంత తయారై పోయింది అందుకే. కానీ ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చేసరికి మగపెళ్ళివాణ్ణి కదా, లోపల ఎక్కడో చురుక్కుమనింది.

"ఏం, మా వాడికేం తక్కువ?" అన్నాను.

"లెక్కపెట్టుకో" అనింది.

అప్పుడు నవ్వింది వీధి. చంద్రకాంతమ్మ కూడా నవ్వింది, మెడలో వేలాడే టేపు కొసతో కళ్ళు తుడుచుకుంటా. నవ్వి, మల్లిని ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ రోజు ఇంక మిషను చప్పుడు వినబడలేదు.

ఇంట్లో శకుంతల దొరను దించలేదు. ఇప్పుడు ఆమెకు అడ్డుపెట్టుకోవడానికి చంద్ర లేదు. ఉన్నది భయం ఒక్కటే. గోడ వైపు తిరిగి అడిగింది.

"లేస్తాడా?"

ఎందుకు లేవడు, చిరుతనే తరిమినోడు అనే మాట నోటి దాకా వచ్చింది. వెనక్కి పంపినాను.

"తెలీదు శకుంతలా. రక్తం సూసి, గుండె సూసి, ఒంటి బరువుకు తూచి మత్తు ఇస్తారంట. చిన్నోళ్ళకు ఇంకా జాగ్రత్తగా ఇస్తారంట. లేస్తాడనే డాక్టరమ్మ చెప్తా ఉండాది. నేను మాత్రం ఒట్టేసి చెప్పలేను. చేయించకుంటే ఏమయ్యేదో అది తెలుసు."

పెళ్ళయినప్పటి నుంచి నా నోట తెలీదు అనే మాట ఆమె వినలేదు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగినా, డ్రైవరు ఇంటిపేరుతో సహా చెప్పేవాణ్ణి. ఆమె తిరిగి నా మొహం చూసింది. "అయితే పోదాం పద" అనింది.

ఆపరేషన్ రోజు పొద్దున దొరకు ఏమీ పెట్టకూడదన్నారు. వాడు ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని, రాజ్యం పోయినవాడిలాగా మమ్మల్ని మార్చి మార్చి చూసినాడు. శకుంతల కూడా కాఫీ తాగలేదు. ఆమె తాగలేదని నేనూ తాగలేదు, అంటే ఆమె ముందర తాగలేదు. ఆటో స్టాండు దగ్గరకు పోయేసరికి చంద్రకాంతమ్మ ఒక గుడ్డసంచి చంకన పెట్టుకుని అప్పుడే వచ్చి నిలబడి ఉంది. మల్లిని ఢిల్లీబాబుకు అప్పజెప్పి వచ్చిందంట. ఎందుకొచ్చినావని మేము అడగలేదు. ఆమె చెప్పలేదు.

క్లినిక్కులో డాక్టరమ్మ అన్నీ చూసి, సూది వేసింది. శకుంతల చేతుల్లోనే దొర కళ్ళు మత్తుగా వాలినాయి, నాలుక కొంచెం బయటికి వచ్చింది. డాక్టరమ్మ వాణ్ణి అట్లనే తీసుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. శకుంతల చేతులు మాత్రం ఇంకా వాణ్ణి పట్టుకున్నట్టే ఒళ్ళో ఉండిపోయినాయి.

ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాము. ఎదురు గోడ మీద ఒక పెద్ద కుక్క బొమ్మ. నాకు ఒక్క కథ తోచలేదు. ఎన్నడూ అట్ల కాలేదు నాకు. లోపల నుంచి ఏదో స్టీలు చప్పుడు వచ్చింది. శకుంతల నా మోచేయి పట్టుకుంది.

"ఏదన్నా చెప్పు" అనింది.

"ఏం చెప్పాల?"

"చిరుత కత చెప్పు బావా" అనింది చంద్రకాంతమ్మ, తలుపు మీద నుంచి చూపు తిప్పకుండా.

మొదలుపెట్టినాను. చిరుత కోట గోడ దాకా వచ్చింది అన్నాను. ఈసారి చిరుత బస్సంత ఉంది. దొర వాకిట్లో నిలబడినాడు. ఒకటే ఉన్నోడు, భయపడలేదా అని అడిగింది చంద్రకాంతమ్మ. రెండోది లోపల దాచిపెట్టుకుని ఉన్నాడు, అవసరానికి ఉంటుందని అన్నాను. శకుంతల నవ్వింది. కళ్ళలో నీళ్ళు అట్లనే ఉన్నాయి, నవ్వింది. దొర అరిచినాడు. చిరుత తిరిగి పరుగు తీసింది. మామూలుగా కొండెక్కించి ఆపేస్తాను నేను. ఆ రోజు తలుపు తెరుచుకోలేదు. తెరుచుకోకుండా చిరుత ఆగడానికి లేదు. కొండ ఎక్కించినాను, అవతల దించినాను. అడవి దాటించినాను. పక్కన పిల్లికి సూది వేయించడానికి వచ్చినామె కూడా జరిగి కూర్చుని వింటా ఉంది. చిరుత కాళహస్తి దాకా పోయింది. రైలు పట్టాలు దాటింది. స్వర్ణముఖిలో దిగింది. ఇసకలో కాళ్ళు దిగబడినాయి, లాక్కుంటా ఉంది, లాక్కుంటా ఉంది.

తలుపు తెరుచుకుంది.

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, రెండూ తీసేసినాను, లోపలిది చిక్కుడుగింజంత ఉండింది, మీ వాడు కళ్ళు తెరుస్తా ఉన్నాడు రండి అనింది. ఆ చిరుతను నేను స్వర్ణముఖి ఇసకలోనే వదిలేసినాను. ఇంతవరకు పోయి తెచ్చుకోలేదు.

దొర కళ్ళు సగం తెరిచి, మమ్మల్ని చూసి, ఎవరో పాతవాళ్ళలాగా ఉందే అన్నట్టు మళ్ళీ మూసినాడు. శకుంతల వాడి చెవి దగ్గర ఏం చెప్పిందో నాకు వినబడలేదు. తెలివి పూర్తిగా వచ్చినాక, కుట్లు నాకకుండా మెడకు ప్లాస్టిక్కు గిన్నెలాంటిది తగిలించినారు. ఉన్నవాటిలో చిన్నదే అది. అయినా వాడు అందులో మునిగిపోయినాడు. ఒక అడుగు వేసి, దాని అంచు నేలకు తగిలి పల్టీ కొట్టినాడు. ఇంకో అడుగు, ఇంకో పల్టీ.

చంద్రకాంతమ్మ గుడ్డసంచి విప్పింది. ఎర్రపట్టు చొక్కా తీసింది. కత్తెర తీసింది. కుట్లు తాకకుండా ఏ కొలతలో మూయాలి, గాలి ఎక్కడ ఆడాలి, ఒంటికి పోయేదానికి ఎక్కడ వదలాలి అని డాక్టరమ్మను అడిగి, అక్కడే బల్ల మీద పరిచి లోపలి మడతలన్నీ విప్పేసింది. పెళ్ళి రోజుకని వదిలిన మడతలు. పొట్ట కిందికి తిప్పి, నూలు గుడ్డ లోపలికి వచ్చేటట్టు పెట్టి, వీపు మీద ముడి వేసే తాళ్ళు కుట్టింది. జరీ అంచు తీసేస్తుందనుకున్నాను. తీయలేదు. మెడ గిన్నె తీసేసి చొక్కా తొడిగి, సవరించి, రెండడుగులు వెనక్కి పోయి చూసింది. డాక్టరమ్మ వేలు దూర్చి చూసి, బాగుంది, తడవకుండా చూసుకోండి, మాపితే మార్చడానికి ఇంకోటి కుట్టండి అనింది.

షేర్ ఆటోలో దొరను చూసి డ్రైవరు, పెళ్ళికి పోయి వస్తా ఉండారా తాతా అని అడిగినాడు. నేను నోరు తెరిచినాను. ఇద్దరు ఆడోళ్ళూ నా వైపు తిరిగినారు. ఉన్నది ఉన్నట్టు చెప్పినాను, ఆకువక్క నుంచి మొదలుపెట్టి. డ్రైవరు అద్దంలో నన్ను చూసి నవ్వి, భలే చెప్తావు తాతా అన్నాడు.

కోట కనబడే మలుపులో చంద్రకాంతమ్మ మాట్లాడింది. "మల్లికి ఇంకో సంబంధం సూడు బావా. ఈసారి ముందు తడిమి సూసి, ఆ తర్వాతే ఆకువక్క."

ఇంటికి వచ్చి దొరను ఫ్యాను కింద వాడి చోటులోనే పండబెట్టినాము. శకుంతల పక్కనే కూర్చుంది. అప్పుడు గోడ మీద బల్లి కనబడింది. దొర చూసినాడు. కొంగులో దూరడానికి లేవబోయినాడు, ఒళ్ళు సహకరించలేదు. పట్టుచొక్కాలో పడుకున్నోడు పడుకున్నట్టే తల ఎత్తి, గొంతు లోపల నుంచి ఒక చిన్న అరుపు అరిచినాడు. బల్లి గోడెక్కి, దూలం వెనక్కి పోయింది. ఇంతవరకు దిగలేదు.

ఇది నిజం. ఢిల్లీబాబుకు ఇంకా చెప్పలేదు.